ఒంటిగది పాత బడిని ఊరి గ్రంథాలయంగా నిలబెట్టడం: మేస్త్రిని పిలిచే ముందు, పిలిచాక

మీ ప్రశ్న సారాంశం ఇది. 1930లలో జిల్లా బోర్డు కట్టించిన బడి. లోపల 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ఒకే గది. అడుగున్నర మందం ఇటుక గోడలు, సున్నపు కట్టుబడి, తాటి దూలాలు, మంగుళూరు పెంకు. ఉత్తరపు గోడలో ఒక బీట ఉంది. కొత్త గదులు వచ్చాక దీనికి తాళం పడింది. ఊళ్లో కొందరు, విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు కలిసి దీన్ని పగలు గ్రంథాలయంగా, సాయంత్రం పిల్లలు చదువుకునే చోటుగా మార్చాలనుకుంటున్నారు. మేస్త్రి మాత్రం పెంకు దించి స్లాబు వేయాలని, గోడలకు సిమెంటు పూయాలని, అలా చేస్తే యాభై ఏళ్లు చూసుకోనక్కర్లేదని అంటున్నాడు.

స్లాబు వద్దు, సిమెంటు వద్దు. ముందు కాగితాలు, తర్వాత గోడ చుట్టూ నీటి దారి, ఆపైన కప్పు, చివరగా గోడ పూత. చాలా ఊళ్లలో ఈ వరుసను తలకిందులు చేస్తారు. కంటికి కనబడుతుందని రంగులతో మొదలుపెడతారు. రెండో వానాకాలానికి రంగు పొక్కులు లేస్తుంది, విరాళాలిచ్చినవాళ్లకు నమ్మకం పోతుంది.

స్లాబు ఎందుకు వద్దో లెక్క వేసి చూడండి. చూరుతో కలిపి మీ కప్పు కింద విస్తీర్ణం 910 చదరపు అడుగుల దాకా ఉంటుంది. 20 అడుగుల వెడల్పుకు మధ్యలో బీములు లేకుండా 5 అంగుళాల స్లాబు చాలదు. చాలుతుందనుకున్నా దాని బరువే 26 టన్నులు. ఇప్పుడున్న పెంకంతా కలిపి 4 టన్నుల లోపే. ఆ గోడలను, పునాదిని తేలికైన కప్పు కోసం కట్టారు. పైగా ఎండకు స్లాబు సాగి, రాత్రికి ముడుచుకుంటూ మెత్తటి సున్నపు గోడ పైవరసలను అటూ ఇటూ జరుపుతుంది. స్లాబు వేసిన పాత గోడల్లో కప్పు కిందనే అడ్డంగా కనిపించే బీట చాలావరకు ఇలా వచ్చిందే.

కాగితాల విషయం. బడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఊరిది అయిపోదు. మండల పరిషత్తు పేరున ఉండొచ్చు, పంచాయతీ పేరున ఉండొచ్చు, ఎయిడెడ్ యాజమాన్యానిదో మిషన్‌దో కావచ్చు. స్థలం దాత ఇచ్చినదైతే దస్తావేజులో "బడికి మాత్రమే" అన్న షరతు ఉందేమో చూడాలి. అలాంటి షరతు ఉంటే దాత వారసుల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. దేవాదాయ భూమి అయితే దారి పూర్తిగా వేరు. మండల విద్యాధికారిని కలిసి ఆ గది ఇంకా బడి లెక్కల్లో ఉందో లేదో, కూల్చివేత జాబితాలో చేరిందో లేదో అడగండి. నాడు–నేడు, మన ఊరు–మన బడి లాంటి పథకాల్లో కొత్త గదులు వచ్చిన చోట పాతవాటిని శిథిలమని రాసి పెట్టే అవకాశం ఉంది. అలా రాసి ఉంటే లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరుతో వేరే నివేదిక రాయించకుండా ఒక్క పెంకూ కదపొద్దు.

ఆ తర్వాత పంచాయతీ తీర్మానం, యజమాని సంస్థతో ఒప్పందం. ఆస్తి వాళ్లదే, మరమ్మతు, నిర్వహణ మనవి, వాడకం కనీసం పదేళ్లు, ఏ పనులకు వాడతామో, ఏ పనులకు వాడమో, కరెంటు బిల్లు ఎవరిదో అందులో రాయించండి. కేంద్ర రక్షిత కట్టడం దగ్గర్లో ఉంటే 100 మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఊళ్లో పాత గుడి ఉంటే దీన్ని ముందే తేల్చుకోండి.

డబ్బు సంఘం పేరున రావాలి, వ్యక్తి ఖాతాలోకి కాదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. విదేశీ విరాళాల్లోనే చాలామంది తెలియక చిక్కుకుంటారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న పూర్వ విద్యార్థి పంపే డబ్బు, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. భారత పాస్‌పోర్టుతోనే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే కాదు. విదేశీ విరాళం తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలి. మూడేళ్ల పని, దానికి తగ్గ ఖర్చు చూపిస్తేనే అది వస్తుంది కాబట్టి కొత్త సంఘం దాన్ని లెక్కలో పెట్టుకోకూడదు. పౌరసత్వం మారినవాళ్లు ఈ మూడేళ్లూ పనిలో పాలు పంచుకోవచ్చు. కొలతల బొమ్మలు గీయడం, పాత ఫొటోలు సేకరించడం, పుస్తకాల జాబితా తయారుచేయడం దూరం నుంచీ చేయగలిగినవే.

పనికి ముందు గదిని రికార్డు చేయండి. నాలుగు గోడలు లోపలా బయటా తిన్నగా నిలబడి ఫొటో, కప్పు లోపలి నుంచి ప్రతి దూలం ఫొటో. దూలాలకు సుద్దతో నెంబర్లు వేసి అవే నెంబర్లు బొమ్మలో రాయాలి. ప్రతి బీటకూ రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత, పక్కన తేదీ. బీట మీద అడ్డంగా చిన్న అద్దం ముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. కదలిక ఉంటే అది చిట్లుతుంది. నల్లరేగడి నేల అయితే ఒక మే నెల, ఒక సెప్టెంబరు చూడకుండా తీర్పు చెప్పొద్దు. ఆ నేలలో బీట ఎండకు విచ్చుకుని వానకు మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు సిమెంటు నింపితే అది గట్టి మేకులా మారి, తర్వాతి ఏడు పక్కన కొత్త బీట తెస్తుంది.

ఇక నీరు. మన ఊళ్లలో పాత కట్టడాలకు పెద్ద శత్రువు సీసీ రోడ్డు. పాత పొర తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే వీధి ఎత్తు పెరిగి, బడి నేల గుంటలోకి వెళ్తుంది. వాన నీరు గోడ మొదట్లో నిలుస్తుంది. ఇటుక దాన్ని పీల్చుకుని మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా లాగుతుంది. గోడ మీద తెల్లగా ఉప్పు తేలి పూత పొడిపొడిగా రాలుతోందంటే కారణం అదే. మందులూ పూతలూ కొనే ముందు చేయాల్సింది మట్టి తీయడం. గోడ చుట్టూ నేలమట్టం గది నేల కన్నా కనీసం 6 నుంచి 9 అంగుళాలు కిందికి రావాలి. ఒకేసారి చుట్టూ తవ్వకండి. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వండి. పునాది అడుగు కన్నా లోతుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు. తర్వాత మూడడుగుల వెడల్పున ఇటుక ముక్కలు, సున్నంతో వాలు నేల చేసి (40 అంగుళాలకు ఒక అంగుళం వాలు), దాని అవతల కాలువ తీయండి. గోడకు ఆనుకుని సిమెంటు కాంక్రీటు వేస్తే చెమ్మ పైకి ఆరే దారి మూసుకుని గోడలోకి ఎక్కుతుంది.

కప్పు పనికి కోస్తాలో సరైన కాలం జనవరి నుంచి మార్చి. డిసెంబరు దాకా తుపాను భయం ఉంటుంది. జూన్‌లో ముసురు పడుతుంది. మీ గదికి లెక్క ఇలా వస్తుంది. గోడలతో కలిపి 33 × 23 అడుగులు. చూరు ఇటూ అటూ అడుగున్నర, కొసల్లో అడుగు చొప్పున కలిపితే 35 × 26. వాలు 30 డిగ్రీలైతే కప్పు మీద 1,050 చదరపు అడుగులు, అంటే 98 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 15 పెంకుల చొప్పున సుమారు 1,470, కొప్పు పెంకులు మరో 35. వసారా ఉంటే దాని లెక్క వేరు. పాతవాటిలో ఎన్ని పనికొస్తాయో తేలాక, విరుగుడికి పదో వంతు, భవిష్యత్తుకు వంద పెంకులు కలిపి కొనండి.

బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో ఈ పెంకు తయారీ మొదలుపెట్టాక ఎన్నో కంపెనీలు ఇదే నమూనా చేశాయి. కానీ గాడులు, కొలతలు కంపెనీకీ కంపెనీకీ కాస్త తేడా. పెంకు వెనక ముద్ర చూసి వేరు చేయండి. రెండు రకాలు ఒకే వాలు మీద కలిపితే గాడులు సరిగా కూర్చోవు, గాలివానకు నీరు లోపలికి కొడుతుంది. పాతవన్నీ వీధి వైపు వాలుకు, కొత్తవన్నీ వెనక వాలుకు పెట్టండి. పాత పెంకును వేలి కణుపుతో తట్టితే గణగణ మోగాలి. బొదబొదమంటే లోపల చీలిక ఉంది. అనుమానమున్నవాటిని తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతు కన్నా ఎక్కువ పెరిగితే పక్కన పెట్టేయండి.

దించేటప్పుడు రెండు వాలుల నుంచీ సమంగా దించాలి. ఒక వైపంతా ఖాళీ చేసి రెండోవైపు బరువు అలాగే ఉంచితే వాసాలు పక్కకు తోసి గోడ పైభాగాన్ని కదుపుతాయి. కప్పు మీద నిచ్చెన పరిచి దాని మీదే నడవాలి, పెంకు నడుమ కాలు పెట్టకూడదు. దించినవాటిని పడుకోబెట్టి పేర్చకుండా చెక్కల మీద నిలువుగా పెట్టండి. వసారాకు ఎప్పుడో వేసిన ఆస్‌బెస్టాస్ రేకులుంటే రంపం పెట్టొద్దు, పగలగొట్టొద్దు. తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకుగా దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. స్వచ్ఛంద సేవకు వచ్చిన పిల్లలను ఆ రోజు రానివ్వకండి.

పెంకు దించాక దూలాల అసలు సంగతి బయటపడుతుంది. తాటి దూలం మధ్యలో ఇనుములా ఉండి, గోడలో కూర్చున్న కొస పిండైపోయి ఉంటుంది. ప్రతి కొసనూ పదునైన స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పావు అంగుళం దిగితే పైపైదే, అంగుళం దాటితే పని ఉంది. దూలం మొత్తం మార్చనక్కర్లేదు. కుళ్లిన భాగం కోసి, చేవ ఉన్న కర్రతో వాలు అతుకు వేసి, ఇరువైపులా ఇనుప పట్టీలు పెట్టి 12 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించవచ్చు. అతుకు పొడవు, బోల్టుల సంఖ్య ఇంజినీరు చెప్పాలి. కొస కింద రాతి పలక, చుట్టూ అంగుళం గాలి సందు ఉంచండి. కొసను సిమెంటుతో బిగించేస్తే చెమ్మ బయటికి పోలేక అదే చోట మళ్లీ కుళ్లుతుంది. గోడ మీద చెద మట్టి దారులుంటే వాటిని దులిపేస్తే సరిపోదు. గోడ, నేల కలిసేచోట అడుగుకొక బెజ్జం చొప్పున మందు ఎక్కించాలి. లైసెన్సున్నవాళ్లతోనే చేయించండి, దగ్గర్లో బావి ఉంటే ముందే చెప్పండి.

రీపర్ల (పెంకు ఆనే అడ్డ కర్రల) మధ్య దూరం పుస్తకంలో చూసి కాకుండా మీ పెంకును బట్టి పెట్టుకోండి. సాధారణంగా పన్నెండున్నర అంగుళాలు వస్తుంది. చూరు దగ్గరి రెండు వరసలను, కొసల వరసలను పెంకు వెనకున్న ముక్కు బెజ్జంలోంచి రాగి తీగతో రీపరుకు కట్టండి. తుపాను గాలి ముందు లేపేది వాటినే. సముద్రం దగ్గర ఇనుప తీగ ఎక్కువ కాలం నిలవదు. కొప్పు పెంకులను సున్నం, ఇటుకపొడి, ఇసుకతో కూర్చోబెట్టాలి. సిమెంటుతో కూర్చోబెడితే తీసేటప్పుడు పెంకు పగిలిపోతుంది.

ఇప్పుడు గోడ. మెత్తటి ఇటుక, సున్నపు దర్జు (ఇటుకల మధ్య అతుకు) ఉన్న గోడలో చెమ్మ దర్జుల్లోంచి బయటికి ఆరుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, ఉప్పు ఇటుక లోపలే గట్టిపడి ఇటుక ముఖాన్ని పగలగొడుతుంది. ఇప్పటికే కింది మూడడుగులకు ఎవరో సిమెంటు పూసి ఉంటే సన్న ఉలి, చిన్న సుత్తితో తీయించండి, మెషీన్ పెట్టొద్దు. ఇటుక ముఖం కూడా ఊడి వచ్చేంత గట్టిగా పట్టుకుని ఉంటే ఆ భాగాన్ని వదిలేయడమే మేలు. తీసిన గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి నెల అన్నది ఒక మోటు లెక్క. రెండు వైపులా ఆరే అడుగున్నర గోడకు తొమ్మిది నెలలు. అందుకే ఈ ఏడు కప్పు, వచ్చే నవంబరు తర్వాత పూత అని ముందే అందరికీ చెప్పండి. దాతలు తొందరపెడతారు. ఆగాల్సిందే.

మరమ్మతు అవసరమైన కింది నాలుగు అడుగులు లోపలా బయటా కలిపి 850 చదరపు అడుగులు. 15 మిల్లీమీటర్ల మందానికి, వృథాతో కలిపి ఒకటిన్నర ఘనపు మీటర్ల అడుసు (సున్నం, ఇసుక కలిపిన పూత మిశ్రమం) కావాలి. ఒక పాలు సున్నపు ముద్ద, రెండున్నర పాళ్లు ఇసుక అనుకుంటే ఇసుక ఒకటిన్నర ఘనపు మీటర్లు, ముద్ద 600 లీటర్లు. ముద్ద ఇసుక సందుల్లోకే వెళ్తుంది కాబట్టి అడుసు పరిమాణం ఇసుకంతే ఉంటుంది. అంత ముద్దకు మంచి రాతి సున్నం 300 కిలోలు చాలు. పిడుగురాళ్ల బట్టీల నుంచి కాలిన రాయిగానే తెప్పించుకోండి. సంచుల్లో పొడి సున్నం ఎన్నాళ్ల నుంచి గాలి తగిలి ఉందో తెలియదు, వెల్లకు తప్ప పనికిరాకపోవచ్చు.

సున్నం తడిపేటప్పుడు ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులోకి రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. అది సలసల మరిగి పైకి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, రబ్బరు చేతొడుగులు, పక్కన రెండు బిందెల మంచినీళ్లు లేకుండా మొదలుపెట్టొద్దు. ప్లాస్టిక్ డ్రమ్ము కరిగిపోతుంది. చల్లారాక సన్న జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా నిల్వ చేయండి. దర్జులకు కనీసం రెండు వారాలు, పూతకు రెండు మూడు నెలలు మాగాలి. మాగని సున్నంలో తడవని గుళ్లు మిగిలి, పూత ఆరాక పొంగి చిన్న చిన్న గుంటలుగా ఊడిపోతాయి.

చెమ్మ ఎక్కువున్న కింది భాగానికి ఒక పాలు ముద్ద, ఒక పాలు ఇటుకపొడి, రెండు పాళ్లు ఇసుక కలపండి. బాగా కాలని మెత్తటి ఇటుకల పొడి సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది, నల్లగా మాడిన ఇటుక పొడి అలా పనిచేయదు. కరక్కాయ, బెల్లం నీళ్ల గురించి తప్పక అడుగుతారు. మంచి వాడుకే, అడుసు సాగుతుంది. కానీ పాళ్లు ఊరూరికీ వేరు, బెల్లం ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమై చీమలు పడతాయి. వెనక గోడ మీద రెండడుగుల చదరాలు మూడు, మూడు పాళ్లతో పూసి నెల తర్వాత గోటితో గీసి చూసి నిర్ణయించుకోండి.

పూతకు ముందు గోడను తడపాలి, కారేంతగా కాదు. ఒక్కో పొర అర అంగుళం దాటొద్దు. పొర కాస్త బిగిసి వేలి ముద్ర పడీ పడకుండా ఉన్నప్పుడు చెక్కతో తట్టి నొక్కితే సన్న బీటలు మూసుకుపోతాయి. తర్వాత పది పద్నాలుగు రోజులు తడి గోనె పట్టాలు వేలాడదీసి నీడన ఉంచండి. "సున్నం పట్టదు" అని చెప్పే మేస్త్రి దాన్ని సిమెంటులా ఒకేసారి మందంగా పూసి ఎండకు వదిలేసి ఉంటాడు. అందుకే ఈ పనిని చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇవ్వకండి, రోజు కూలి ఇవ్వండి. గుత్త అంటే మందపు పూత, తక్కువ పొరలు. పైన ప్లాస్టిక్ పెయింటు వద్దు. పలచటి సున్నపు వెల్ల నాలుగైదు పూతలు, చివరి పూతలో కాస్త నీలిమందు.

నేలకు విట్రిఫైడ్ టైల్స్ పరిస్తే కింది చెమ్మంతా గోడల వైపు మళ్లుతుంది. ఇసుక, సున్నం మీద నాపరాళ్లు పరిచి సందులు సున్నంతో నింపండి. ఫాల్స్ సీలింగు వేయకండి. కారుతున్న చోటూ, చెద దారీ రెండూ దాని వెనక దాక్కుంటాయి. వైరింగు గోడ తవ్వకుండా పైపైన పైపుల్లో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతో (షాక్ తగిలితే కరెంటును వెంటనే ఆపే స్విచ్) చేయించండి. అతుకు వేసిన దూలానికి ఫ్యాను వేలాడదీయొద్దు. తలుపులు బయటికి తెరుచుకునేలా మార్చి, వీలైతే రెండో ద్వారం ఉంచండి. పుస్తకాల బీరువాలు గోడకు మూడు అంగుళాలు ఎడంగా నిలబెట్టాలి. మొదటి రెండు వానాకాలాలు కింది అరను ఖాళీగా ఉంచితే మంచిది.

గోడ మీదే నల్లగా పూసిన పాత నల్లబల్ల ఉంటే దాన్ని కొత్త రంగుతో కప్పకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి అంచులు మాత్రం సున్నంతో పట్టించండి. రాయడానికి వేరే బోర్డు పెట్టుకోవచ్చు. శంకుస్థాపన రాయి, దాతల పేర్ల రాయి మీద కూడా రంగు పడకుండా చూడండి. అక్షరాల్లో రంగు నింపితే అసలు చెక్కుడు మరుగునపడుతుంది. అటకల మీద అడ్మిషన్ రిజిస్టర్లు దొరికితే అవి విద్యాశాఖవి. జాబితా రాసి, సంతకం తీసుకుని అప్పగించండి. అందులో పుట్టిన తేదీ, కులం ఉంటాయి కాబట్టి ఆ పేజీలను ప్రదర్శనకు పెట్టకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకూడదు.

ఈ గది గ్రంథాలయం కావడం ఎంతో తగిన పని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నాటి నుంచి మన ఊళ్లలో చదువరుల గదులను నిలబెట్టింది ఊరివాళ్ల చందాలూ శ్రమా. అయితే సేవకు వచ్చినవాళ్ల చేత ఏం చేయించాలో తెలిసి ఉండాలి. ఇసుక జల్లెడ పట్టడం, ఇటుకపొడి కొట్టడం, పెంకులు కడిగి తట్టి వేరు చేయడం, గోనె పట్టాలు తడపడం, రికార్డు రాయడం వాళ్లవి. దూలాలు, పరంజా, కరెంటు, చెద మందు పనివాళ్లవి. గోనె పట్టాలు తడిపే వంతుల పట్టికను పూత మొదలవకముందే గోడకు అతికించండి. మొదటి ఆదివారం ముప్పైమంది వస్తారు, పదో రోజుకు ఇద్దరు మిగులుతారు, పూతకు నీళ్లు కావాల్సింది ఆ పదో రోజునే.

మొత్తం డబ్బులో ఏడో వంతు దాకా పక్కన పెట్టండి. దూలాల కొసలు విప్పేదాకా అసలు ఖర్చు తెలియదు. పని పూర్తయ్యాక ఏటా మే చివరి వారంలో ఇద్దరు పేరుపేరునా బాధ్యత తీసుకుని కప్పు చూడాలి: జారిన పెంకులు, కొప్పు బీటలు, చూరు కింద చెద, కాలువలో పూడిక. గోడలో రావి మొక్క కనబడితే పీకొద్దు, పీకితే ఇటుక వస్తుంది. మొదట్లో కోసి, వేరుకు మందు పెట్టి, చచ్చాక సున్నంతో నింపండి. వీధికి మళ్లీ సీసీ రోడ్డు మంజూరైతే పాత పొర తీసి వేసేలా పంచాయతీలో ముందే తీర్మానం చేయించుకోండి.

మీ నేల నల్లరేగడో ఇసుకనేలో ప్రశ్నలో లేదు. అదీ, ఉత్తరపు గోడ బీట మే నెలలో ఎంత వెడల్పు ఉందో కొలిచి రాస్తే, పునాది గురించి ఇంకా కచ్చితంగా చెప్పొచ్చు.